చూద్దాం అనే మాట

పొద్దుటి నుంచి ముసురు పడుతోంది. అమీర్‌పేటలో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర అడ్మిషన్ ఫారాలు రాస్తున్నాను. తడిసిన గొడుగుతో ఒకాయన వచ్చి, ఫీజు అడిగి, పక్కనున్న కూతురితో "చూద్దాం బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల సంతోషపడింది. చిన్నప్పటి నుంచీ నాకు నచ్చని మాట అది.

మన నాన్నలు దేనికీ కాదనేవాళ్లు కాదు, గుర్తుందా? చూద్దాం అనేవాళ్లు. అక్క ఐదో తరగతి పాసయ్యాక బడి సారు మా ఇంటికొచ్చాడు. టౌన్ హాస్టల్లో సీటు ఉందని, శుక్రవారంలోగా చేర్చమని చెప్పాడు. నాన్న మంచం మీది నుంచి లేచి, చేతులు కట్టుకుని "చూద్దాం సారూ" అన్నాడు.

అక్క ఆ సాయంత్రమే రేకుపెట్టె తుడిచి, లోపల పాత పేపరు పరిచి, రెండు జతల బట్టలు సర్దింది. తుప్పు, కిరోసిన్ కలిసిన ఆ పెట్టె వాసన నాకింకా తెలుసు.

"నీ పిచ్చి గానీ! మీ నాయన చూద్దామంటే అది అయ్యేది గాదు. ఇంకా ఎరుకలేదా నీకు?" అంది అమ్మ.

"వద్దనలే గదా!" అంది అక్క.

నాన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు. మేమూ అడగలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి నాట్లకు కూలీలను తీసుకెళ్లే ట్రాక్టర్ వచ్చింది. అమ్మ, అక్క అందులో వెళ్లారు.