మా వదిన వెబ్‌సైట్‌కు తొలి బోణీ

తొర్రూరులో మా వదిన చీరల దుకాణానికి వెబ్‌సైట్ చేసింది నేనే. ఈ రోజే మొదలుపెట్టాలి. తీరా చూస్తే ఒక్క చీర ఫొటో కూడా కనబడదు! సర్వర్‌లో సైట్‌ను నడిపే పీహెచ్‌పీకి ఫొటోలను సిద్ధం చేసే ఎక్స్‌టెన్షన్ లేదు. సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్యాకేజ్ మేనేజర్‌కు ఒక్క కమాండ్ ఇచ్చి, అది ఇన్‌స్టాల్ కాగానే సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. చీరలన్నీ ఒక్కసారిగా ప్రత్యక్షం! ఎగిరి గంతేశాను.

"జర ఆగు! అత్తమ్మ చెయ్యి మంచిది, బోణీ ఆమెనే చెయ్యాలె," అంటూ వదిన పైఅంతస్తులో ఉన్న మా అమ్మను పిలుచుకొచ్చింది.

అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, చీరలన్నీ చూసి, ఆర్డర్ బటన్ నొక్కేసింది.

"ఉత్తగనే నొక్కలే బిడ్డా. గీ పచ్చ చీర నాకే, పైకి పంపుండ్రి!"

లోకమంతా చూసే దుకాణం. తొలి పార్శిల్ మాత్రం మా ఇంటి మెట్లే ఎక్కింది. రెండోది మీ ఊరికి రావాలంటే చెప్పండి, మీ ఇంట్లో ఎవరి చెయ్యి మంచిది?