రాయి మీద రాయి

అది 1955. నంద్యాలలో టీచర్లను తయారుచేసే ఒక ట్రైనింగ్ స్కూల్లో నేను డ్రిల్ మాస్టారుగా, ట్రైనీల మాటల్లో 'డ్రిల్లైవారు'గా, పనిచేస్తున్నాను. ట్రైనీలంతా చదువు ముగిసేలోపు రెండు రోజుల క్యాంపుకు వెళ్ళి రావాలి. గుడారాలు వేసుకోవడం, వండుకోవడం, కొండ ఎక్కడం, అంతా వాళ్ళే చేసుకోవాలి. నాలుగేళ్ళుగా ఆ క్యాంపును అహోబిలం కొండల్లో నేనే నడుపుతున్నాను. అక్కడ నాకు తెలియని కాలిబాట లేదని నా గర్వం.

ఆ ఏడు కామేశ్వరరావు వచ్చాడు. సముద్రపు ఒడ్డు ఊరివాడు, స్కౌటింగ్‌లో శిక్షణ పొందినవాడు. మడత నలగని ఖాకీ నిక్కరు, మెడలో తళతళలాడే విజిలు. హెడ్మాస్టరు క్యాంపు ఆయనకు అప్పగించి, నాతో "మీరు వంట సామాను చూసుకోండి" అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆళ్ళగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి ఎద్దుల బండ్లు. మొన్నటిదాకా నా వెనక తిరిగిన ట్రైనీలు దారి పొడుగునా ఆయన చుట్టూనే నడిచారు. నేను బియ్యం మూటల మధ్య కూర్చుని కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆయన పాట అందుకుంటే గొంతు బాగాలేదనుకున్నాను. నిజానికి బాగానే ఉంది.

శనివారం సాయంత్రం దిగువ అహోబిలం దగ్గర గుడారాలు వేశాక ఆయన 'ట్రాకింగ్ సైన్లు' నేర్పాడు. అంటే ముందు వెళ్ళినవాడు వెనక వచ్చేవాళ్ళ కోసం దారిలో వదిలే గుర్తులు. పెద్ద రాయి మీద చిన్న రాయి పెడితే 'దారి ఇదే' అని అర్థం. మర్నాడు తాను ముందుగా వెళ్ళి ఆ గుర్తులు పెడతానని, ఒక్కో 'పెట్రోల్', అంటే ఆరుగురి జట్టు, వాటిని చూసుకుంటూ ఎగువ అహోబిలం చేరాలని చెప్పాడు.

కాసేపటికి ఓబుళరెడ్డి పొయ్యి దగ్గరికి వచ్చాడు. సంజామల వైపు రైతుబిడ్డ, ఒక జట్టుకు నాయకుడు. వాళ్ళ ఇంట్లో ఉద్యోగం చేయబోయే మొదటివాడు.

"ఐవారూ, ఇల్లు కట్టుకోవాలని మొక్కుకున్నోళ్ళు ఆ దారెంబడి రాయి మీద రాయి పెట్టి పోతాంటారు గదా. అవి యావో, సారు పెట్టేవి యావో ఎట్ల తెలుస్తాది? సారుకు చెప్పమంటారా?"

నా చేతిలో గరిటె ఆగింది. ఆ మొక్కు రాళ్ళు కొండంతా ఉన్నాయి. సముద్రపు ఒడ్డువాడికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

"ఆయప్పకు తెల్దా ఏంది? అంత ట్రైనింగ్ చేసొచ్చినాడు. నువ్వు పో," అన్నాను.

ఒక జట్టు దారి తప్పి గంట ఆలస్యంగా వస్తే చాలు, నలుగురిలో ఆయన ముఖం చిన్నబోతుంది. నేను కోరుకున్నది అంతే.

ఆదివారం వంట సామానుతో నేనూ ఎగువకు చేరాను. మధ్యాహ్నానికి అక్కడికి మూడు జట్లు వచ్చాయి, ఓబుళరెడ్డి జట్టు రాలేదు. కామేశ్వరరావు గడియారం చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ విజిలు ఊదుతున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ విజిలు వింటుంటే నాకు కడుపు నిండినట్టయింది. అంతలో ఆ జట్టులో ఒకడు రొప్పుతూ వచ్చాడు.

"ఐవారూ, ఓబుళరెడ్డి బండ మీంచి జారి పడినాడు. కాలు కదిలించలేకుండాడు!"

ఎక్కడో అడగక్కర్లేకపోయింది. ఎడమవైపు బాట నిండా మొక్కు రాళ్ళే. అది పోయి పోయి నున్నటి బండ మీద ఆగిపోతుంది. నేనూ కామేశ్వరరావూ పరుగెత్తాం. ఓబుళరెడ్డి బండ కింద కూర్చుని ఉన్నాడు. మోకాలి కింద కాలు వాచి, వంకర తిరిగింది. రెండు చేతికర్రలు అటూ ఇటూ పెట్టి తువ్వాలు చింపి కట్టాను. ఎముక కదలకుండా వేసే ఇలాంటి కట్టును 'స్ప్లింట్' అంటారు. వందసార్లు నేర్పిన ముడి ఆ రోజు నాకు పడలేదు.

"ఐవారూ, మార్చిలో డ్రిల్ పరీక్షకు పరుగెత్తగలనా?" అన్నాడు. అందులో గట్టెక్కకపోతే సర్టిఫికెట్ లేదు, ఉద్యోగమూ లేదు. పరీక్ష పెట్టేది నేనే.

నేను ముడి విప్పి మళ్ళీ కడుతుంటే తనే అన్నాడు. "ఈ రాళ్ళు చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. సారుకు తెలుసని మీరంటిరి గదా, మీ మాట నమ్మి పోతిమి."

ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

కామేశ్వరరావు నా వైపు చూశాడు. "నాకేం తెలుసునన్నారు మాస్టారూ?"

చెప్పేశాను. మొక్కు రాళ్ళ సంగతి, ఓబుళరెడ్డి అడిగిన సంగతి, నేను ఎందుకు నోరు మూయించానో కూడా. తిడతాడనుకున్నాను. ఆయన ఆ బండ మీదే కూలబడ్డాడు.

"వచ్చిన దగ్గర్నుంచీ వీళ్ళందరూ 'డ్రిల్లైవారు ఇట్ల చేసేవారు, అట్ల చేసేవారు' అంటూనే ఉన్నారండీ. కుళ్ళిపోయాను. మీరు ముందొకసారి దారి చూపిస్తే సరిపోయేది. అడగడానికి నాకు మనసు రాలేదు," అన్నాడు.

మా ఇద్దరి మధ్యా పడుకుని ఓబుళరెడ్డి నొప్పికి పళ్ళు బిగబట్టాడు. దుప్పటిని కర్రలకు కట్టి, ముందు నేను, వెనక ఆయన, అతన్ని కొండ దించాం.

మార్చిలో అతను పరుగెత్తలేకపోయాడు. రూలు రూలే, నా చేత్తోనే 'ఫెయిల్' అని రాశాను. తోటివాళ్ళు బళ్ళలో చేరాక అతను ఏడాది పాటు ఊళ్ళో ఉన్నాడు. మరుసటి ఏడు కాస్త కుంటుతూనే పరుగు పూర్తిచేశాడు. ఆ తర్వాతి క్యాంపులన్నీ కామేశ్వరరావూ నేనూ కలిసే నడిపాం. గుర్తులు మాత్రం సున్నంతో వేసేవాళ్ళం.

ఈ ఉద్యోగంలో దారి తెలిసి ఉండటం ఒక్కటే చాలదని అక్కడ తెలిసింది. కొండ మీద పక్కవాడి మీది అసూయకు దెబ్బ తగిలేది పక్కవాడికి కాదు, మన మాట నమ్మి వెనక నడిచేవాడికి. ఇప్పటికీ ఏ ట్రైనీ అయినా వచ్చి "సారుకు చెప్పమంటారా?" అంటే నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు.

"బేగా పో. చెప్పు."