క్యూ లబ్ధిదారుల సభ

మా బావ, అంటే అక్క మొగుడు, కాలేజీలో లెక్కల మాస్టారు. నేనూ అదే కాలేజీలో చదివి మధ్యలో మానేశాను. నేను వెళ్లిపోతుంటే మాస్టార్లందరూ గేటు దాకా వచ్చి కళ్లు తుడుచుకున్నారు. బావ మాత్రం గేటు గడియ పెట్టాడు.

ఆయన పరిశోధన క్యూ-లబ్ధాల మీద. క్యూ అంటే ఇంగ్లీషు అక్షరం, లబ్ధం అంటే గుణిస్తే వచ్చేది. అంతులేని గుణకారం ఒకటి ఈ పక్క, మరొకటి ఆ పక్క పెట్టి, రెండూ ఒకటేనని నిరూపించడమంటే ఆయనకు ప్రాణం. భోజనం దగ్గర కూడా వేలితో కంచంలో గుణిస్తూనే ఉంటాడు.

"అనంతం రాసేది ఈయన, కంచం కడిగేది నేను" అని అక్క విసుక్కుంటుంది.

ఆ ఏడు బావ కోర్సులో పురుగు కూడా చేరలేదు. శనివారం ఊరందరి ముందూ ఉపన్యాసం ఇచ్చి పదిమందినైనా చేర్చుకోవాలనీ, లేకపోతే కోర్సు ఎత్తేసి హాస్టల్ వార్డెన్‌గా వేస్తాననీ ప్రిన్సిపాల్ తేల్చేశాడు.

నోటీసు టైపు చేసిన గుమాస్తాకు "లబ్ధాలు" అచ్చుతప్పులా కనిపించింది. జాలిపడి దిద్దాడు. "క్యూ లబ్ధిదారులకు ఉపన్యాసం" అని ఊరంతా అంటించారు.

శనివారం వచ్చిన జనాన్ని నేను కళ్లారా చూశాను. వరస గేటు దాటి, వంతెన దాటి, పక్క ఊరి దాకా పోయింది. చివరివాడు తన ఇంట్లో మంచం మీద కూర్చునే వరసలో ఉన్నాడు. అందరి చేతుల్లోనూ సంచులే!

హాల్లో ముందు కూర్చున్న ముసలావిడ అడిగింది. "ఏమిస్తారు నాయనా?"

"సమానత అమ్మా" అన్నాడు బావ బిక్కమొహంతో.

"అది మా తాతల కాలం నుంచీ ఇస్తామంటూనే ఉన్నారులే. సంచిలో పడేది చెప్పు."

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నాడు.

"క్యూ కోసం వచ్చారుగా, క్యూలే చూపించు బావా" అని చెవిలో ఊదాను. అంత గొప్ప సలహా ఆ గోడలు అంతకుముందు విని ఎరగవు.

బావ ఐదుగురిని పైకి పిలిచాడు. "ఏ రెండు వరసలూ ఒకే పొడుగు లేకుండా నిలబడండి." ఐదుగురూ ఒకే వరస, లేదా నలుగురూ ఒకరూ, లేదా ముగ్గురూ ఇద్దరూ. మూడు రకాలు. "ఇప్పుడు ప్రతి వరసలోనూ బేసి సంఖ్యే ఉండాలి." ఐదుగురూ ఒకే వరస, లేదా ముగ్గురూ ఒకరూ ఒకరూ, లేదా ఎవరికి వాళ్లు. మళ్లీ మూడే.

"ఏదో అలా కలిసొచ్చింది" అంది ముసలావిడ.

"కాదమ్మా! సరిసంఖ్య వరసను సగానికి విరుస్తూ పో, బేసి వరసలొస్తాయి. సమానమైన వరసల్ని జతచేస్తూ పో, మళ్లీ మొదటికొస్తావు. వెయ్యిమందైనా ఇంతే. ఈ రెండు లెక్కల్నీ క్యూతో రాస్తే వచ్చేవే నా రెండు అంతులేని గుణకారాలు."

"నేనూ వస్తా, ఆరుగురితో చెయ్యి." సంచి పక్కనపెట్టి పైకెక్కింది. "ఒరేయ్ పొడుగోడా, జరుగు! మన రెండు వరసలూ సమానమైపోయాయి!"

అరిచారు, తోసుకున్నారు, తిట్టుకున్నారు. చివరికి ఇటూ నాలుగే, అటూ నాలుగే.

"ఎవరైనా చేరతారా?" ప్రిన్సిపాల్ గొంతు చించుకున్నాడు.

"చేరకపోతే ఏడుగురి సంగతి ఎవరు చెప్తారయ్యా? రాసుకో నన్ను" అంది ముసలావిడ. ఆమె వెనక వరస కట్టారు.

బావ సుద్దముక్క వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగి, చాలాసేపు పైకి లేవలేదు.

నేను మాత్రం చేరలేదు. మిగతావాళ్లకూ నాలుగు మార్కులు మిగలాలి కదా!