మైకు పట్టిన దస్తగిరి

గిద్దలూరులో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, మైకుసెట్టు అద్దెకిచ్చే దస్తగిరికి ఒకటే జబ్బు. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి లోకంలో అందరూ "హలో, హలో" అంటారు. దస్తగిరి మాత్రం జీవితంలో పైకి రావడం ఎట్లాగో చెబుతాడు.

పెళ్లా, పుట్టువెంట్రుకలా, పెద్దకర్మా అన్న తేడా ఆయనకు లేదు. "సోదరులారా, మనిషి పైకి రావాలంటే కావలసింది పైసా కాదు, మైండ్‌సెట్. పద్దెనిమిదో ఏట మీరేం ఎంచుకున్నారు? ఒక్కసారి ఆలోచించండి" అని ఎత్తుకుంటాడు. కురిచేడు పెళ్లిలో పీటల మీదున్న వరుడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. పురోహితుడు మోచేత్తో పొడిస్తే గానీ తాళి అందుకోలేదు.

త్రిపురాంతకంలో ఒక పెద్దకర్మకు పోయి, దండ వేసిన ఫొటో వైపు చెయ్యి చూపించి, "ఈ పెద్దాయన వయసులో ఉన్నప్పుడే పొగాకు మాని బత్తాయి పెట్టుంటే ఈపొద్దు ఎక్కడ ఉండేవాడు?" అని అడిగాడు.

"ఈడనే ఉండేవాడు లేబ్బా. ఫొటో ఇంకొంచెం పెద్దది ఉండేది, అంతే" అన్నాడు పోయినాయన తమ్ముడు.

ఈ బాధ అందరికన్నా ఎక్కువ పడింది ఆయన భార్య కమ్రున్నీసా. గరిటెలు, బకెట్లు మాయం కాకుండా చూసుకోవడానికి ప్రతి ఫంక్షన్‌కూ సామాన్ల ఆటోలో ఆమె కూడా పోవాలి. మొగుడి ఉపన్యాసం ఎంత నేర్చుకుందంటే, ఆయన దగ్గడానికి ఆగే చోటు కూడా ఆమెకు తెలుసు.

"నాలుగెకరాలూ బోరూ ఉన్నోడు తప్పు ఎంచుకున్నా దిద్దుకుంటాడు. కూలికి పోయేటోళ్ల బిడ్డకు ఎంచుకునేదానికి ఏముందయ్యా? మిరపకోతా, కందికోతా?" అని ఆమె నిలదీసేది.

"అట్ల అడగడమే తప్పుడు మైండ్‌సెట్" అనేవాడు దస్తగిరి. ఏం కూర వండాలని అడిగినా దాదాపు అదే జవాబు.

ఆమెను ఎక్కువగా మండించింది ఇంకొకటి. మేడలున్న వాళ్ల ఫంక్షన్‌లో ఆయన ఉపన్యాసం రెండు ముక్కల్లో అయిపోతుంది. రేకుల ఇళ్ల ముందర మాత్రం ఎంతకీ తెగదు. పెద్దోళ్ల దగ్గర నోరు లేవదు, పేదోళ్లంటే లోకువ అని ఆమె తీర్మానించుకుంది.

ఈ ఎండాకాలం నల్లమల అంచున ఒక ఊరి నుంచి యల్లమ్మ వచ్చి షామియానా మాట్లాడుకుంది. మొగుడు పోయిన మనిషి, మిరపకోతల కూలి. కూతురు యామిని పదో తరగతి కాగానే, "ఇంక చదువెందుకే, కోతకు తోలుకురా" అని భూమిగల రామయ్య అంటే ఊరందరూ నవ్వారు. యల్లమ్మ తోలుకుపోలేదు. ఆ పిల్ల సర్కారు హాస్టల్లో తిని, పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు రైలింజను నడిపే ఉద్యోగం తెచ్చుకుంది.

"ఊరందరికీ అన్నం పెట్టాలన్నా" అంది యల్లమ్మ. "నవ్వినోళ్లంతా నా ఇంట్లో కడుపునిండా తిని పోవాల. అన్నం చాలలేదని ఒక్కరు గూడా అనకూడదు."

పిలిచిన వాళ్లు వచ్చారు, పిలవని వాళ్లూ వచ్చారు. రెండో బంతిలో అందరూ కూర్చున్నాక, విస్తర్లు వేశాక, దస్తగిరి మైకు అందుకున్నాడు.

"సోదరులారా, మనిషి పైకి రావాలంటే..."

"మేం పైకి రానక్కర్లేదు, అన్నం వస్తే చాలు" అన్నాడు ముందు వరసలోని రామయ్య.

"చూడండి, పెద్దాయన తొందర. పద్దెనిమిదో ఏట కూడా ఇట్లనే తొందరపడి ఉంటాడు."

బంతి గొల్లుమంది. రామయ్య ముఖం మిరప్పండయింది. కమ్రున్నీసాకు తల కొట్టేసినట్టయింది. ఈరోజు ప్లగ్గు పీకేయాల్సిందేనని కొంగు బిగించి పందిరి వెనక్కి నడిచింది.

ప్లగ్గు మీద చెయ్యి వేసి చూస్తే, అక్కడ పెద్ద గుండిగ ఖాళీ. యల్లమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉంది. వంట కొండయ్య రెండో గుండిగ కింద మంట ఎగదోస్తున్నాడు. ఎసట్లో బియ్యం అప్పుడే పడ్డాయి.

"నా పరువు పోయినట్టే వదినా" అంది యల్లమ్మ. "కూలిదాని ఇంట్లో కూడు చాల్లేదంటారు."

"ఎవురూ అనరు. దస్తగిరన్నకు సైగ చేసినా గదా" అన్నాడు కొండయ్య. "ఎప్పుడూ చేసేదే. అన్నం తక్కువైన కాడ నేను తువ్వాల తలకు చుడతా, ఆయన మైకు పడతాడు. జనం ఆయన్ను తిట్టుకునే లోపల మన అన్నం ఉడుకుతాది. నీకు చెప్పలేదా వదినా?"

చెప్పలేదు. ఇన్ని ఊళ్లలో ఏ పేద ఇంట్లోనూ అన్నం తక్కువైందన్న మాట పుట్టలేదు. దస్తగిరి వాగుడు ఎక్కువైందన్న మాటే పుట్టింది. కమ్రున్నీసా ప్లగ్గు మీద నుంచి చెయ్యి తీసేసింది.

సరిగ్గా అప్పుడే మైకులో దగ్గు మొదలైంది. దగ్గు ఆగింది గానీ గొంతు రాలేదు. దస్తగిరి నోరు తెరిస్తే గాలి వస్తోంది. రామయ్య విస్తరి ముందు నుంచి సగం లేచాడు. కొండయ్య మెతుకు నొక్కి చూసి, "ఇంకా పలుకుంది" అన్నాడు.

కమ్రున్నీసా పోయి మొగుడి చేతిలోంచి మైకు లాక్కుంది. జన్మలో ఎన్నడూ మైకులో మాట్లాడని మనిషి.

"పద్దెనిమిదో ఏట నేను గూడా ఒకటి ఎంచుకున్నా" అంది. "అదిగో, దగ్గుతా నిలబడుకోనుంది."

ఆడవాళ్లు నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. "చెప్పు వదినా, చెప్పు" అని అరిచారు.

"మా ఆయన అన్నింటికీ మైండ్‌సెట్ అంటాడు. నేనైతే సర్కారు హాస్టలంటా, యల్లమ్మ మొండితనమంటా. ఏం రామయ్య మామా, లేస్తున్నావు? ఆ పొద్దు నీ మాట విని పిల్లను కోతకు పంపించింటే, ఈ పొద్దు రైలు ఎవురు నడిపేది? నువ్వు నడిపేవాడివా?"

"నడపలేను లేమ్మా. నాకు ఎద్దుల బండి తోలేదే రాదు" అని రామయ్య మళ్లీ కూర్చున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది యామిని. ఆ నవ్వు అణగకముందే పొగలు కక్కుతూ అన్నం వచ్చింది.

తిని చెయ్యి కడుక్కున్నాక రామయ్య యల్లమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇంతమందికి పొయ్యి మీద నుంచి దించినట్టు వేడివేడిగా పెట్టినావు తల్లీ, ఊళ్లో ఎవురూ పెట్టలేదు ఇట్ల. ఆ మొగుడూ పెళ్లాలను మాత్రం ఇంకెప్పుడూ పిలవొద్దు."

"చచ్చినా పిలవను మామా" అంది యల్లమ్మ. అని పందిరి వెనక్కి పోయి, ఒకే విస్తరి ముందు కూర్చుని కొట్లాడుకుంటున్న ఆ ఇద్దరికీ, వద్దంటున్నా వినకుండా, గిన్నెడు నెయ్యి పోసింది.