పువ్వని చెప్పిన పురుగు

మా అత్తయ్యగారు వంకాయలో పురుగు కనిపిస్తే కూరంతా పారబోసే మనిషి. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునేదాకా ఉందామని మండపేట నుంచి కాకినాడలో మా ఇంటికి వచ్చారు. అప్పటికే మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో చేపలకంటే నాకు ముద్దొచ్చేవి రెండు ఫెదర్ డస్టర్లు. అవి సముద్రపు పురుగులు. తోలులాంటి గొట్టం కట్టుకుని అందులోనే బతుకుతాయి. తలమీది ఈకల కుచ్చును మాత్రం బయటికి విప్పి, నీళ్లలో తేలే నలుసుల్ని పట్టి తింటాయి.

వచ్చిన రోజే ఆవిడ అద్దం ముందు కుర్చీ వేయించుకున్నారు.

"ఏంటమ్మా ఇవి, పూలా?"

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఇలాంటి పురుగుల బొమ్మలు ఏటా బోర్డు మీద వేసేదాన్నే. అయినా ఆ మాట నోటికి రాలేదు. హాల్లో పురుగుల్ని పెంచుతున్నానని తెలిస్తే ఆవిడ మా ఇంట్లో ముద్ద ముడతారా?

"అవునండీ, సముద్రపు పూలు," అన్నాను.

అంతే, ఆవిడకు వాటితో మాలిమి అయిపోయింది. మీద నీడ పడగానే చటుక్కున గొట్టంలోకి ముడుచుకుపోతుంటే, "అత్తిపత్తి కూడా ఇంత సిగ్గుపడదే!" అని నవ్వేవారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

శుక్రవారం చర్చి ఆడవాళ్లు ప్రార్థన కూటానికి మా ఇంటికి వచ్చారు. అత్తయ్యగారు వాకర్ పట్టుకుని లేచి సాక్ష్యం చెప్పారు.

"నొప్పికి ఓర్చుకోలేక ఏడుస్తుంటే ప్రభువు నాకు ఈ పూలు చూపించాడండీ. ఎవరి కంటా పడని సముద్రం అడుగున కూడా ఆయన పూలు పూయించాడు."

అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మగారు నా వైపు తిరిగారు. "మీరు జువాలజీ మేడం కదండీ, ఈ పూలనేమంటారండీ?"

"ఏదో ఇంగ్లిష్ పేరండీ, గుర్తు రావట్లేదు," అని టీ వంకతో వంటింట్లోకి పోయాను.

ఆ తర్వాతి వారం ఎండలు ముదిరి, పగలంతా కరెంటు లేకుండా పోయింది. కాలేజీ నుంచి వచ్చేసరికి అక్వేరియం నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. రెండు ఫెదర్ డస్టర్లలో ఒకదాని కుచ్చు ఊడి ఇసుకలో పడి ఉంది. అత్తయ్యగారు కళ్లు తుడుచుకుంటూ, మిగిలిన గొట్టాన్ని లాగడానికి మోచేతిదాకా నీళ్లలో చెయ్యి పెట్టారు.

"రాలిపోయిందమ్మా. తీసెయ్యకపోతే నీళ్లు కుళ్లిపోతాయి."

"తీయకండి అత్తయ్యగారూ! అది చావలేదండీ. లోపల పురుగుంది!"

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నీళ్లు చీర మీద కారుతున్నా పట్టించుకోలేదు. నేను గబగబా చెప్పేశాను. అది పువ్వు కాదని, బాధ కలిగితే కుచ్చును వదిలేస్తుందని, ప్రాణం ఉంటే మళ్లీ మొలిపించుకుంటుందని. ఆవిడ అంతా విన్నారు.

"పురుగైతే పురుగు. నలుగురి ముందూ నేను దేవుడి పేరు మీద చెబుతుంటే, అప్పుడైనా నా చెవిలో ఒక మాట వెయ్యకపోయావా?"

ఆ పూట ఆవిడ మామూలుగానే అన్నం తిన్నారు. కోప్పడి పస్తు ఉన్నా నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. కూటంలో సాక్ష్యం చెప్పడానికి ఆవిడ అందరికంటే ముందే లేచారు.

"పోయిన వారం నేను చెప్పింది తప్పండీ. అవి పూలు కాదు, పురుగులంట. పురుగంటే నేను చేసే గోలకి జడిసి మా కోడలు చెప్పలేకపోయింది. తప్పు నాదే."

ఒకావిడ కాళ్లు పైకి ముడుచుకుంది. ఇంకెవరో నవ్వారు. నేను ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. "ఆవిడ తప్పేమీ లేదండీ" అనాల్సింది నేను. గొంతు దాకా వచ్చింది కూడా.

"టీ చల్లారిపోతుందండీ," అన్నాను.

కొన్ని వారాలకు ఆ గొట్టంలోంచి కుచ్చు మళ్లీ చిన్నగా మొలిచింది. ముందు చూసింది అత్తయ్యగారే. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, దానికి నోరెక్కడుంటుంది, మనల్ని ఎలా పసిగడుతుంది అని ఒక్కొక్కటే అడిగారు. అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ అద్దంలోకే చూశాను, ఆవిడ ముఖం వైపు తిరగలేదు.