తడిక వెనక నుంచి అడిగిన ప్రశ్న

ఇన్నేళ్లుగా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. సభలో లేచి అడిగాను. ఎలక్ట్రిక్ రైల్లో ఎదురుపడితే అడిగాను. పెళ్లి భోజనాల్లో పక్క ఆకు ముందు కూర్చుని మరీ అడిగాను. నవ్వి మాట మార్చారు. అందుకే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మద్రాసు పెరంబూరులో మా తెలుగువాళ్లు నెలకో ఆదివారం ఒక మేడ మీది గదిలో చేరి కథ చదివించుకునేవారు. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు తడిక వెనక. ఆడవాళ్లకు సందేహం వస్తే తమ ఇంటి మగవాణ్ణి పిలిచి చెవిలో చెప్పాలి. అతను లేచి అందరికీ వినిపించాలి. దాన్ని మర్యాద అనేవారు. మా ఇంటికి ఆ మగవాణ్ణి నేను. పాత పుస్తకాల అంగడిలో సైన్సు కథలు ఏరి తెచ్చి చదివేది మాత్రం మా అక్క.

ఆ నెల అక్క ఎంచిన పాత ఇంగ్లీషు కథను నేను తెలుగులో చెప్పాను. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ ఆడవాళ్లు నోరు తెరవకూడదు. ఇంటింటికీ ఇచ్చిన పెట్టె వాళ్ల మాటలు పలుకుతుంది, నచ్చనివి దిద్ది మరీ. ఒక ఇంట్లో పెట్టె చెడిపోతుంది. ఇల్లాలు సొంత గొంతుతో మాట్లాడుతుంది. మొగుడు ఆమెకు బదులివ్వడు, పెట్టె బాగుచేసేవాడి కోసం పరుగెత్తుతాడు.

మగవాళ్లు చాలా బాధపడ్డారు. ఇంత ఘోరమైన కాలం మన దాకా రాదని అధ్యక్షుడు ధైర్యం చెప్పాడు. అప్పుడు అక్క నన్ను పిలవలేదు. తడిక వెనక లేచి నిలబడి తనే అడిగింది.

"ఆడ పెట్టె పెట్టినారు, సరే. ఈడ మా తమ్ముణ్ణి ఎందుకు పెట్టినారు?"

గదంతా విన్నది. అధ్యక్షుడూ విన్నాడు. విని, నా వైపు తిరిగాడు.

"ఏమబ్బా, మీ యక్క ఏందో అంటా ఉండాది. ఏమంట?"

"ఆమె ఈడనే ఉండాది కదన్నా. ఆమెనే అడగండి."

ఆయన గొంతు సవరించుకుని, కాఫీ చల్లారిపోతోందన్నాడు. వెనక నుంచి ఎవరో "పెట్టె రిపేరుకొచ్చిందిరా" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

తర్వాత తడిక తీసేశారు. అక్క అడిగినందుకు కాదు, ఫ్యాను గాలి ఆడటం లేదని. ఇప్పటికీ అక్క ఏదైనా అంటే చూపులన్నీ నా మీదికే వస్తాయి.

అన్నా, మీరింకా ఆ అధ్యక్షుడి కుర్చీలోనే ఉన్నారు. వచ్చే ఆదివారం అక్క ముందు వరుసలో కూర్చుంటుంది. పక్కన నేను నోరు మూసుకుని కూర్చుంటాను. జవాబు చెప్పండి. నాకు కాదు, ఆమె ముఖం చూసి ఆమెకే చెప్పండి.