టెలిస్కోపుకి గంధం బొట్టు

దసరా నాడు రేపల్లె దగ్గర మా అత్తగారి ఊళ్ళో ట్రాక్టరు, కారు, కుట్టుమిషను, చివరికి మిక్సీ కూడా బొట్టు పెట్టించుకుంటాయి. నా టెలిస్కోపును ఆ వరసలోంచి తప్పించాలని నాకు తట్టనే లేదు. పొద్దుగూకుతుండగా డాబా ఎక్కి చూద్దును కదా, మూత తీసి ఉంది. ముందున్న పెద్ద గాజు మీద, సరిగ్గా నడిమధ్యన, తడి గంధం, దాని మీద కుంకుమ. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ సాయంత్రం ఒక గ్రహశకలం, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి ముక్క, ఒక మసక చుక్కకు అడ్డంగా దాటబోతోంది. మా టెలిస్కోపుల్లో ఆ రాయి ఆకారం కనపడదు. కానీ అది అడ్డొచ్చినప్పుడు చుక్క కొన్ని క్షణాలు ఆరిపోతుంది. బాపట్లలో ఒకరు, తెనాలిలో ఒకరు, ఇక్కడ నేను, ఎంతసేపు ఆరిందో ఎవరికి వాళ్ళం కొలిచి కలిపితే రాయి వెడల్పు, ఆకారం తేలతాయి. చుక్క వెలుగుకి పడే దాని నీడ మళ్ళీ మా ఊళ్ళ మీదుగా పోతుందన్న ఆశ నాకు లేదు.

"దీన్ని ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?" అని అరిచేశాను.

"కారు లైట్లకి పెట్టాను కదా, దీనికీ కన్ను ఇదే అనుకున్నానమ్మాయ్," అన్నారు అత్తయ్య. గంధం గిన్నె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

మా ఆయన పంచె కొంగు తడుపుకొచ్చి గాజు మీదికి వంగారు.

"ఏవండీ, ఆగండి. కుంకుమ రవ్వ గీసుకుందంటే గాజు మీద పూత పోతుంది."

"మరి మచ్చ కనపడదా ఏంటి?"

కనపడదు. ముందు గాజు మీది మచ్చ బొమ్మలోకి రాదు, ఆ మేరకు వెలుగు తగ్గుతుందంతే. బళ్ళో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. తీరా నా నెత్తిమీదికొచ్చేసరికి నమ్మబుద్ధి కాలేదు. అసలే మసక చుక్క, ఆ తగ్గిన వెలుగుతోనే మాయమైపోతే? అంతలో బాపట్ల నుంచి ఫోను.

"ఇక్కడ మబ్బు కమ్మేసిందండి మేడమ్. ఇక తెనాలి వాళ్ళు, మీరే."

బొట్టు ముట్టుకోలేదు. కెమెరా బిగించి లాప్‌టాప్ తెరిచాను. చీకటి పడ్డాక, వెతగ్గా వెతగ్గా చుక్క దొరికింది, ఉందా లేదా అన్నట్టుగా. అత్తయ్యకి తెర మీద వేలితో చూపించాను. రికార్డింగు మొదలుపెట్టాను.

చుక్క ఆరిపోయింది.

అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "పోయింది. నా బొట్టు వల్లేనా అమ్మాయ్?"

"కాదత్తయ్యా, రాయి అడ్డొచ్చింది," అన్నాను. సంతోషంతో నా గొంతు వణికింది. ఆవిడ దాన్ని ఏడుపనుకున్నారు. చుక్క మళ్ళీ వెలిగేదాకా నా భుజం వదల్లేదు.